మా బావ నీలం దారం

కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డవాళ్ళకీ, పైకి రావటానికి సందు లేక మెట్ల మీదే ఆగిపోయినవాళ్ళకీ, దుకాణాలకి తాళాలేసి వచ్చిన మన తివాచీల బజారు వాళ్ళందరికీ, ముందు వరసలో కూచున్న మా అక్కకీ, మా మేనకోడలికీ నమస్కారం.

మా బావ పోయాడు. పొద్దుటినించీ ఈ మాట చాలామంది చాలా పెద్ద మాటల్లో చెప్పారు. వెలుగు ఆరిపోయిందన్నారు. శకం ముగిసిందన్నారు. నేను చిరిగిన తివాచీలకి రఫూ చేసుకుని బతికేవాణ్ణి, నాకు అంత పెద్ద మాటలు రావు. మా బావ పోయాడు, అంతే. మా అక్క ఇంట్లో ఒక్కర్తీ అయింది. ఇక మీదట ఎవరైనా ఓ తివాచీ చుట్ట భుజాన వేసుకొచ్చి "ఇది పర్షియాలో చేత్తో నేసిందేనా, లేక నకలా?" అని అడిగితే, మనం ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

నన్ను మాట్లాడమని మన సంఘం అధ్యక్షులవారు పిలిచారు. ఎలా పిలిచారో విన్నారా? "ఇప్పుడు వారి బావమరిది మాట్లాడతారు" అన్నారు. చూశారా మరి! ఇన్నేళ్ళుగా ఈ బజారులో కూచుని మీ అందరి తివాచీల కన్నాలూ పూడ్చింది నేను. ఎలకలు కొరికినవీ, చిమ్మటలు తిన్నవీ, కుక్కపిల్లలు పీకినవీ, మీ కూలీలు మేకులకి తగిలించి చింపినవీ. అయినా నాకంటూ ఒక పిలుపు లేదు. నేను ఆయన బావమరిదిని. ఆయన పోయాక కూడా ఆయన బావమరిదినే. ఒళ్ళు మండదా చెప్పండి?

దాచుకోకుండా చెప్పేస్తాను. మీరంతా ఇక్కడికి బాధతో వచ్చారు. నేను బాధతోనూ వచ్చాను, కుళ్ళుతోనూ వచ్చాను. రెండింట్లో ఏది ఎక్కువో తూచి చెప్పలేను. ఈ హాలు చూస్తే కుళ్ళు. ఆ మెట్ల మీద జనాన్ని చూస్తే కుళ్ళు. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా? మీ మొహాలు చూస్తూంటేనే తెలుస్తోంది, రారు. వచ్చేవాళ్ళు కూడా "పాపం, ఫలానా ఆయన బావమరిది పోయాట్ట" అని చెప్పుకుంటూ వస్తారు. నవ్వండి, ఫరవాలేదు. మా అక్కే నవ్వుతోంది.

బజారుకి కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు కనిపిస్తున్నారు. వాళ్ళ కోసం ఆయన పనేమిటో చెబుతాను. మా బావ తివాచీలు అమ్మలేదు. కొనలేదు. నెయ్యలేదు. చూసేవాడు. చూసి, ఏది అసలో ఏది నకలో చెప్పేవాడు. దానికే ఈ జనం, ఈ ఫొటో, ఈ మైకు!

ఆయన్ని మీరంతా 'తిరగేత' అని పిలిచేవారు. మొహం మీదే పిలిచేవారు, ఆయన పలికేవాడు. తివాచీ పరిస్తే మనం ఎక్కడ చూస్తాం? పైన చూస్తాం. పువ్వులు చూస్తాం, తీగలు చూస్తాం, ఆ ఎరుపు చూసి ఆహా అంటాం. ఆయన పైన చూసేవాడు కాదు. "మొహం కడుక్కునే వస్తారందరూ, వీపు చూపించమనవోయ్" అనేవాడు. అని, ఓ మూల పట్టుకుని తిరగేసేవాడు. ఒక్క తివాచీలేనా? హోటల్లో పళ్ళెం తిరగేసేవాడు. కొత్త చొక్కా తొడుక్కునే ముందు తిరగేసేవాడు. మా అక్కని తనకివ్వమని అడగటానికి మా ఇంటికి వచ్చిన రోజున, మా నాన్న ఆయన్ని చాప మీద కూచోబెడితే, మాట మధ్యలో చాప మూల ఎత్తి చూశాడు. మా నాన్న మొహం చూడాలి మీరు! ఈ మనిషికి పిల్లనిస్తే ఏం తిరగేస్తాడో ఏమోనని ఆయన భయం. మా అక్క మాత్రం తలుపు చాటునించి నవ్వింది. ఆ నవ్వుతోనే నాకు మొదలైంది, ఈ కుళ్ళు. అంతకు ముందు అక్క అలా నవ్వేది నా ఆటలకే.

సరే, తిరగేసి ఏం చూసేవాడు? మీలో చాలామందికి ఆయనే నేర్పాడు, అయినా మరోసారి వినండి. ముందు అంచున వేలాడే కుచ్చులు చూసేవాడు. చేత్తో నేసిన తివాచీకి ఆ కుచ్చులు దాని పడుగు దారాల కొసలే, దాని ఒంట్లోంచి వచ్చినవే. మిషను తివాచీకి వాటిని వేరే చేసి తరవాత కుడతారు. తరవాత వీపు. పైనున్న పువ్వు వీపు మీద కూడా పువ్వులాగే కనిపించాలి, ముడి ముడికీ. అయితే ఆ ముడులు సైనికుల్లా వరస తప్పకుండా నిలబడ్డాయా, అది మిషను. ఒకటి కాస్త లావుగా, ఒకటి కాస్త బిగువుగా, ఓ వరస కొంచెం ఒరిగి ఉందా, అక్కడ ఓ మనిషి కూచుని నేసినట్టు. ఆ తరవాత బోర్లా పడుకున్నంత పని చేసి, బొటనవేళ్ళతో పైనున్న ఉన్నిని పాయ తీసి, పిల్లల తలలో పేలు చూసినట్టు అడుగుదాకా చూసేవాడు. ముడి ఎటు తిరిగి ఉందో చూసి, ఇది పర్షియా మగ్గం మీద పుట్టిందా, లేక ఆ పువ్వుల్ని చూసి ఇంకో దేశంలో నేసిందా అన్నది అక్కడే చెప్పేవాడు. రెండూ చేత్తో నేసినవే అయినా సరే, "ఇది వాళ్ళ చెయ్యి కాదు, వాళ్ళని చూసి రాసిన చెయ్యి" అనేవాడు.

ఇంకొకటి. ఆయన చొక్కా కాలరు కింద ఎప్పుడూ ఓ సూది గుచ్చి ఉండేది, అందులో నీలం దారం. ఆ ఫొటోలో కూడా ఉంది, దగ్గరికెళ్ళి చూడండి. తివాచీ వీపు తడుముతూ పోయి, ఎక్కడ రఫూ చేసిన చోటు దొరికితే అక్కడ, వెనకవైపు, ఒక్క నీలం కుట్టు వేసేవాడు. కొనేవాడికి తెలియాలని. అసలు తివాచీ అయినా సరే, ఇక్కడ ఇంకొకడి చెయ్యి పడింది సుమా అని. ఆ కుట్టుని మన బజారులో అందరూ ముద్రలా చూసేవారు. నీలం దారం పడిందంటే మా బావ చూశాడన్నమాట, చూశాడంటే ఇక అనుమానం లేదన్నమాట.

మరి ఆ రఫూ ఎవరిది? నాది! ఈ బజారులో రఫూ చేసేది నేనొక్కణ్ణే. నేను కళ్ళు పొడుచుకుని చేసిన పని ఎవరికీ కనబడకూడదు. కనబడకపోవడమే నా పనితనం. మీ ఎవరికీ కనబడేది కాదు. మీరు వేలు పెట్టి వెతికినా దొరికేది కాదు. ఆయన వచ్చేవాడు, బూట్లు విప్పేవాడు, తివాచీ తిరగేసేవాడు, అరచెయ్యి ఆనించి అలా పాక్కుంటూ పోయి ఒకచోట ఆగేవాడు. ఆగి, తలెత్తి నన్ను చూసి, "ఇక్కడున్నావయ్యా బావమరిదీ" అనేవాడు. సూది తీసేవాడు.

"ఇక్కడున్నావయ్యా బావమరిదీ." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! మీరు నవ్వేవారు, టీలు తెప్పించుకునేవారు. నాకు మాత్రం ఆ టీ గొంతు దిగేది కాదు. ఆయన కనిపెట్టలేని రఫూ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చెయ్యాలి. నా జీవితానికి అంతకుమించి ఆశ లేదు. పిల్లల చదువులు, ఇల్లు, అవన్నీ వేరు. లోపల ఉన్నది మాత్రం ఇదే.

మీకు ఆ పెద్ద హోటలు తివాచీ గుర్తుందా? ముందు హాల్లో పరచటానికి తెప్పించుకున్నది, పర్షియాది, పాతది అని. మన బజారంతా వెళ్ళి చూశాం. చేత్తో నేసిందే. కుచ్చులు సొంతవే. ఉన్ని అరిగి, రంగు వెలిసి, ఎంతో వయసు మీదపడ్డట్టు ఉంది. అంచు ఊడిందని నా దగ్గరే వేశారు, రోజుల తరబడి నా ఒళ్ళోనే పడుంది. నేనూ అసలుదే అన్నాను. గట్టిగా అన్నాను, నలుగురిలో అన్నాను. ఆయన చూసింది చివర్న. చూసి, దాని మీద ఈ కొసనించి ఆ కొసకి మేజోళ్ళతో నడిచాడు. మళ్ళీ అటునించి ఇటు నడిచాడు. నడిచి ఏమన్నాడో తెలుసా? "మనుషులు ఇంత న్యాయంగా నడవరు" అన్నాడు.

మాకెవరికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. మనుషులు నడిచి అరగదీస్తే గుమ్మం వైపు ఎక్కువ అరుగుతుంది, బల్ల కింద అరగదు, మధ్యలో దారి పడుతుంది. ఇది అన్ని వైపులా ఒకేలా అరిగింది. అంటే రాయి పెట్టి రుద్దారు, మందు నీళ్ళలో నానబెట్టారు, ఎండలో పడేశారు. "దీనికి వయసు రాలేదు, వయసు వేషం వేశారు" అన్నాడు. ఉన్ని పాయ తీసి చూపించాడు. పైన రంగు వెలిసి ఉంది, అడుగున మాత్రం నిన్న అద్దినట్టు భగ్గుమంటోంది, మధ్యలో మెట్టు లేదు. నిజంగా వెలిసేదైతే పైనించి కిందికి కొంచెం కొంచెంగా వెలుస్తుంది. అందరూ ఆహా అన్నారు. నేను అనలేదు. అన్నిరోజులు నా ఒళ్ళో పడుకున్న తివాచీ నాకు చెప్పని సంగతి, ఆయన కాళ్ళకి చెప్పేసింది! ఆ పూట ఇంటికెళ్ళి అన్నం కంచం ముందు కూచుని, మా ఆవిడ వడ్డించినవన్నీ పక్కకి నెట్టాను. ఆవిడ నా మొహం చూసి, "మళ్ళీ అన్నయ్యగారు గెలిచారా?" అంది. ఆవిడా అంతే!

అప్పుడు పంతం పట్టాను. ఓ డాక్టరుగారి ఇంటి తివాచీ, అసలు పర్షియాదే, చిమ్మటలు అరచెయ్యంత మేర తినేశాయి. దాని ఈడుదే ఇంకో తివాచీ పాడైపోయి నా దగ్గరుంటే, దాని ఉన్ని విప్పి తీశాను. అసలు నేసిన ఆడమనిషి చెయ్యి ఎలా ఆడిందో చదివాను. ఎడమవైపుకి వెళ్ళేసరికి ఆమెకి చెయ్యి సడలేది, ముడి కాస్త వదులు. నేనూ ఎడమవైపు వదులు చేశాను. ఆమె ఒకచోట ఆకు కొస తప్పు వేసింది, నేనూ అదే తప్పు వేశాను. కిటికీ దగ్గర పగటి వెలుతురులోనే చేశాను, మబ్బు పడితే సూది పక్కన పెట్టాను. పూర్తయ్యాక నేనే వెతుక్కున్నాను, నాకే దొరకలేదు. మా బావ ముందు పరిపించాను.

అరచెయ్యి ఆనించాడు. పాక్కుంటూ వచ్చాడు. నా రఫూ మీదకి వచ్చాడు. ఆగలేదు! దాటిపోయాడు! అవతలి అంచుదాకా వెళ్ళాడు. అక్కడ కాసేపు కూచున్నాడు, చెవి గోక్కున్నాడు. వెనక్కి వచ్చాడు. "ఇక్కడున్నావయ్యా బావమరిదీ."

ఎలా తెలిసిందని అడిగాను. బతిమాలి అడిగాను. ఏమన్నాడో నా చివరి రోజుదాకా మర్చిపోను. "చుట్టూ ఉన్న ముడులు వేసినామె తన పని తాను చేసుకుపోయిందోయ్. ఇవి మాత్రం నేను చూస్తానని వేసిన ముడులు" అన్నాడు. కొట్టినా అంత నొప్పి ఉండదు. ఎందుకంటే అది నిజం. ఆ ముడి ముడికీ నేను ఆయన్నే తలుచుకున్నాను. నా కుళ్ళు నా చేతి వేళ్ళలోకి దిగి, ఉన్నిలోకి దిగి, ఆయన అరచేతికి తగిలింది.

అయితే అయ్యలారా, అమ్మలారా, నేను ఒకసారి గెలిచాను. ఈ సంగతి మీకెవరికీ తెలీదు. ఆయన బతికుండగా చెప్పలేకపోయాను, చెబితే మా అక్క మాట పోయేది. మొన్న ఆయన పోయిన దగ్గర్నించీ ఈ సభలో ఇది చెప్పాలనే అనుకున్నాను. ఏడుస్తూనే అనుకున్నాను. మీ అందరి ముందూ నిలబడి, ఆ ఫొటో మొహం చూస్తూ, "బావా, ఒక్కటి నీకు దొరకలేదు" అని అనాలి. ఆ మాట నాలిక మీద పెట్టుకునే నిన్నటిదాకా తిరిగాను. అక్క చెప్పమంది కనక చెబుతున్నాను.

ఆ ఫొటో వెనకాల గోడకి వేలాడదీసిన తివాచీ చూడండి. అది వాళ్ళింటిది. ఇన్నివేల తివాచీలు చూసిన మనిషి తన కోసం కొనుక్కున్నది అదొక్కటే. ఎరుపూ కాదు, గోధుమ రంగూ కాదు, ఎండిన దానిమ్మ తొక్క రంగు. ఓ మూల రంగు కాస్త పలచబడి ఉంటుంది, నేసేవాళ్ళకి ఓ విడత అద్దకం అయిపోయి ఇంకో విడత ఉన్ని వచ్చినప్పుడు అలా అవుతుంది. నకళ్ళు చేసేవాళ్ళు దాన్ని తప్పనుకుని సరిచేస్తారు. ఆయనకి అదే ఇష్టం. "ఇక్కడ కొత్త ఉన్ని వచ్చేదాకా వాళ్ళు కాసేపు పని ఆపి ఉంటారు" అంటూ ఆ పలచని చోట చెయ్యి పెట్టేవాడు. మా మేనకోడలు పాకింది దాని మీదే. ఎవరు వచ్చినా గొప్పగా చెప్పుకునేవాడు: "ఈ బజారులో ప్రతి తివాచీలోనూ మా బావమరిది ఉన్నాడు. మా ఇంట్లోదాంట్లో మాత్రం లేడు." అని, నా వంక చూసేవాడు.

ఒకసారి ఆయన తివాచీలు చూడటానికి పొరుగూరు వెళ్ళాడు. ఆ రోజు పట్టపగలు మా అక్క నా గదిలోకి వచ్చింది, భుజం మీద దుప్పట్లో చుట్టిన బరువు, మొహం పాలిపోయి ఉంది. దుప్పటి విప్పితే ఇదే తివాచీ. దాని మీద బట్ట పరిచి ఇస్త్రీ చేస్తోందిట, పొయ్యి మీద ఏదో పొంగితే పరిగెత్తిందిట, ఇస్త్రీపెట్టె పక్కకి ఒరిగి ముక్కు ఆనింది. మూల దగ్గర, సరిగ్గా ఇస్త్రీపెట్టె ముక్కంత మచ్చ. ఉన్ని మాడి నల్లబడింది. బావ తిడతాడా అని అడిగాను. "తిడితే ఫరవాలేదురా. ఏమీ అనరు. అదే నా భయం" అంది.

మా అక్క నన్ను పెంచింది. అమ్మ పనిలోకి వెళితే నా చొక్కా గుండీలు కుట్టి, సూదిలో దారం ఎక్కించటం నేర్పింది ఆవిడే. వెంటనే కూచున్నాను. మాడిన ముడులు ఒక్కొక్కటీ కోసి తీశాను. దగ్గరున్న ఉన్నిలో కలిసేది వెతికి పట్టాను. అక్క పక్కనే కూచుని, ఏడుస్తూనే నాకు ఉన్ని పోగులు అందిస్తూ, మా చిన్నప్పటి సంగతులు ఏవో చెబుతోంది. ఆ పని ఎలా చేశానో నాకు గుర్తులేదు. ఆయన వచ్చేలోపు అది ఎక్కడి తివాచీ అక్కడ పరిచేశాం.

ఆయన వచ్చాడు. నేను కావాలనే ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఉన్నాను. బూట్లు విప్పాడు. తివాచీ మీదకి వచ్చాడు. కూచున్నాడు. టీ అడిగాడు. అంతే! ఏమీ అనలేదు! మా అక్క వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నేను బయటికొచ్చి వీధి చివరిదాకా పరిగెత్తినంత పని చేశాను.

అప్పటినించీ చూడండి నా వైభోగం! అంతకు ముందు ఆయన కిటికీ పక్కన కూచుని పేపరు చదివేవాడు. ఆ తరవాత ఎందుకో చోటు మార్చాడు. ఎక్కడికి? సరిగ్గా నా రఫూ మీదకి! బజారువాళ్ళు మీరంతా వెళ్ళేవారు కదా, మీ అందరికీ గుర్తుండాలి, ఎవరు వచ్చినా లేచేవాడు కాదు, అక్కడే బాసింపట్టు వేసుక్కూచునేవాడు. నా రఫూ మీద కూచుని, "మా ఇంటి తివాచీలో బావమరిది లేడు" అని మీతో చెప్పేవాడు. చెప్పి నా వంక చూసేవాడు. నాకు నవ్వు ఆగేది కాదు. దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళేవాణ్ణి. బజారులో ఆయన ఎన్నిసార్లు "ఇక్కడున్నావయ్యా" అన్నా, ఇక నాకు టీ గొంతు దిగేది. అనవయ్యా అను, నువ్వు కూచున్నచోట కూడా నేనే ఉన్నాను అనుకునేవాణ్ణి. ఆ ఒక్క గెలుపు మీద నేను ముసలివాణ్ణయ్యాను.

నిన్న మధ్యాహ్నం ఈ తివాచీ ఇక్కడ వేలాడదీయాలని అక్క అంటే, చుట్టి తీసుకురావటానికి నేనే వెళ్ళాను. అందరినీ పక్క గదిలోకి పొమ్మన్నాను. నా గెలుపు నేను ఓసారి చూసుకుందామని. మూల పట్టుకుని, ఆయన ఎలా తిరగేసేవాడో అలాగే తిరగేశాను. నా రఫూ దొరకటానికి నాకే కాస్త సేపు పట్టింది. దొరికింది.

దాని పక్కన నీలం కుట్టు ఉంది.

కొత్తదనుకుంటున్నారా? పోయేముందు ఎప్పుడో వేశాడనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకుందామని చూశాను. లేదు. మా బావ మొదట్లో లావు దారం వాడేవాడు. ఆ దారం అమ్మే దుకాణం మూతపడ్డాక సన్న దారానికి మారాడు. ఆ సన్న దారమే మీలో చాలామందికి తెలుసు. ఇది లావుది. దుమ్ము పట్టి, అణిగి, తివాచీ వీపులో కలిసిపోయింది. దారం ఎప్పటిదో చెప్పటం నాకు చేతనవును, అదొక్కటీ నాకు చేతనవును. నా రఫూకి ఎంత వయసుందో ఆ కుట్టుకీ అంతే ఉంది.

తెలుసు! మొదటినించీ తెలుసు! ఆ సాయంత్రం టీ అడిగినప్పుడే తెలుసో, మర్నాడు తెలిసిందో, అది ఇక ఎవరూ చెప్పలేరు. కిటికీ పక్కనించి లేచి నా రఫూ మీదకి చోటు ఎందుకు మార్చాడు? మీ కళ్ళు దాని మీద పడకుండా. మా అక్క కాల్చిందని మీకు తెలియకుండా. ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో ఉన్న రఫూ చూశాక ఏం జరిగిందో ఆయనకి ఒకరు చెప్పాలా? 'బావమరిది లేడు' అని నా వంక ఎందుకు చూసేవాడు? నేను దగ్గుకుంటూ బయటికి పరిగెత్తటం చూడ్డానికి! కుట్టు మాత్రం వేశాడు. రఫూ చూసి కుట్టు వెయ్యకుండా ఉండటం ఆయన చేతకాదు, సొంత ఇంట్లో అయినా సరే. కానీ ఆ మాట అనలేదు. అందరి ముందూ, అన్ని తివాచీల మీదా అన్న మాట, ఆ ఒక్కచోట అనకుండా మింగేశాడు. "ఏమీ అనరు" అని మా అక్క భయపడింది చూశారా, నిజంగానే ఏమీ అనలేదు. ఇవాళ పొద్దున్న అక్కకి చెబితే, ముందు పడీ పడీ నవ్వింది. తరవాత నేను చూడలేకపోయాను.

ఇప్పుడు చెప్పండి, నాకు కుళ్ళుగా ఉండదా? ఒక్కసారి అనేసి ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి, ఓటమి నాకు అలవాటే. అనలేదు. నన్ను గెలవనిచ్చాడు. నాకున్న ఒక్క గెలుపూ ఆయన పెట్టిందే అని పోయాక తెలిసేట్టు చేశాడు. ఏం మనిషండీ! తన ముందు ఎక్కడా గెలవనివ్వడు కదా!

ఇంకో బాధ కూడా ఉంది, అది కూడా అనేస్తాను. నా పని మీకు కనబడకపోతే మీరు బాగుందంటారు. అది చూడనివాళ్ళు అనే మాట. నా పనిని చూసిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. ప్రతి ముడీ చూశాడు. ఏది కుళ్ళుతో వేశానో చెప్పాడు. మరి అక్క పక్కన కూచుంటే ఆయన్ని తలుచుకోకుండా వేసిన ఆ ముడులు ఎలా ఉన్నాయి? బాగున్నాయా బావా? నీకు అక్కడ ఆగాలనిపించిందా, దాటిపోవాలనిపించిందా? అడగటానికి మనిషి లేడు. రేపటినించీ నేను ఎంత బాగా చేసినా, ఎంత పాడుగా చేసినా, ఎవరూ నన్ను పట్టుకోరు. మీరంతా ఆయన్ని పోగొట్టుకున్నారు. నేను దొరికిపోవటాన్ని కూడా పోగొట్టుకున్నాను.

ఇక చాలు. నోరు ఊరుకోని మనిషి, పళ్ళెం తిరగేసినా పైకి చెప్పకుండా ఉండలేని మనిషి, మా అక్క కోసం, నా కోసం ఒక్క విషయంలో ఇన్నేళ్ళు ఊరుకున్నాడు. మనం ఆయన కోసం ఒక్క నిమిషం ఊరుకుందాం. దయచేసి అందరూ లేవండి. మెట్ల మీదున్నవాళ్ళు అక్కడే నిలబడండి. చెప్పులు విప్పగలిగినవాళ్ళు విప్పండి, తివాచీ ముందు ఆయన అలాగే నిలబడేవాడు. అక్కా, నువ్వు కూచునే ఉండు.

నేను ఇక్కడ, ఈ కింది మూల దగ్గర, నా రఫూ పక్కన నిలబడతాను. ఆయన వెతుక్కోనక్కర్లేదు.